తొమ్మిదో తరగతి, బాలిక

ఆ ఊరి పేరు రాయను. తరగతి ఏదో, బాలుడో బాలికో కచ్చితంగా రాసి ఒకసారి నేను చేసిన నష్టం చాలు. బేతంచెర్ల నుండి ఆటోలో అరగంట ప్రయాణమనీ, ఊరికి ఒకవైపు నాపరాయి గనులు, మరోవైపు బండల పాలిషింగు యూనిట్లు ఉంటాయనీ చెబితే చదివేవారికి సరిపోతుంది. రాతిపొడి అక్కడ అన్నింటి మీదా ఉంటుంది: వేపాకుల మీద, బడి కిటికీ చువ్వల మీద, మనుషుల కనురెప్పల మీద.

2009 జనవరిలో నేను అక్కడికి మొదటిసారి వెళ్లాను. కడపలోని ఒక మహిళా కళాశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన తరువాత అది నాలుగో ఏడు. ఉన్నత పాఠశాలల్లో హెచ్ఐవి నివారణ గురించి చెబుతున్న పాఠాలు పిల్లలకు ఏ మేరకు అందుతున్నాయో కొలిచి చెప్పమని కర్నూలులోని ఒక స్వచ్ఛంద సంస్థ నన్ను కోరింది. కొలవడం నాకు చేతనవును. నిజాయితీగా కొలిచేవారు తక్కువయ్యారన్న కోపం కూడా నాకు ఉండేది. ఆ కోపంతోనే ఒప్పుకున్నాను.

పద్ధతి సరళమైనది. పాఠాలకు ముందు ఇరవై ప్రశ్నల పరీక్ష. ఆరు వారాల పాఠాల తరువాత మళ్లీ అదే పరీక్ష. రెండింటి మధ్య తేడా ఎంతో, పిల్లలు అంత నేర్చుకున్నట్టు. కాగితాల మీద పేర్లు ఉండవు, నంబర్లు మాత్రమే ఉంటాయి. దీనికి తోడు ప్రతి బడిలోనూ తాళం వేసిన ఒక రేకు పెట్టె పెట్టించాము. నోటితో అడగలేని ప్రశ్నలను పిల్లలు చీటీల మీద రాసి అందులో వేయాలి.

పెట్టెకు సంబంధించిన నియమాలను నేనే రాశాను. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. పిల్లలు తరగతివారీగా, బాలురు ముందూ బాలికలు తరువాతా వరుసలో వచ్చి చీటీలు వేస్తారు. నేను ఒక్కొక్క విడత చీటీలను అప్పటికప్పుడే తీసి, ఏ తరగతివారు, బాలుడా బాలికా అన్నది ఎర్ర సిరాతో గుర్తు పెడతాను. ఎవరికి ఏ జ్ఞానం కొరవడిందో ఆ గుర్తు లేకుండా తెలియదు. ఆ తరువాత చీటీల నకలు ఉపాధ్యాయుడికి అందుతుంది. జవాబులు చెప్పవలసినవాడు ఆయనే కాబట్టి. ఆయన ప్రతి చీటీనీ, నా గుర్తుతో సహా, ఉన్నది ఉన్నట్టుగా తరగతిలో చదివి జవాబు చెప్పాలి. ఈ చివరి నియమానికి కారణం ఉంది. రాజంపేట వైపు ఒక బడిలో ఉపాధ్యాయుడు ఇబ్బందికరమైన చీటీలను జేబులో దాచుకుని, దోమకాటు గురించిన ప్రశ్నలను మాత్రం పదే పదే చదివాడు. అది చూసి నాకు ఒళ్లు మండింది. ఒక్క అక్షరం మార్చకూడదని నియమాన్ని మరింత గట్టిగా రాశాను.

ఈ ఊళ్లో ఆ పాఠం చెప్పేవాడు వేణుగోపాల్, జీవశాస్త్ర ఉపాధ్యాయుడు. బేతంచెర్లలో కిరాణా వ్యాపారం చేసే కుటుంబం వాడు. ముప్పై ఏళ్లు దాటినా మాట్లాడేటప్పుడు బల్ల అంచు పట్టుకుని నిలబడే అలవాటు. ఈ పాఠం రాగానే రెండు పేజీలు ఒకేసారి తిప్పేసే ఉపాధ్యాయులను నేను చాలామందిని చూశాను. అతడు అలాంటివాడు కాడు. నా నియమావళిని అట్ట వేసి ఉంచుకున్నాడు. ముఖ్యమైన వాక్యాల కింద స్కేలు పెట్టి గీతలు గీశాడు. అది చూసి నేను సంతోషించానని ఒప్పుకోవాలి.

తొమ్మిదో తరగతిలో ముప్పై తొమ్మిది మంది. వారిలో బాలికలు ఏడుగురు. మిగిలిన బాలికలు ఎనిమిదితోనే చదువు ఆపి పాలిషింగు యూనిట్లలో చేరారు. మొదటి పరీక్షలో తరగతి సగటు ఇరవైకి ఎనిమిది. ఒకే ఒక్క కాగితానికి పదిహేడు వచ్చాయి. దాని నంబరు ముప్పై ఒకటి. ఏడో ప్రశ్న, 'హెచ్ఐవి ఉన్నవారు వండినది తింటే, వారితో కలిసి తింటే ఆ వ్యాధి వస్తుంది: ఒప్పా, తప్పా?' అన్నది. తరగతిలో ముప్పై మంది 'ఒప్పు' అని రాశారు. ముప్పై ఒకటో నంబరు 'తప్పు' అని రాసి, ఆ మాట కింద రెండు గీతలు గీసింది.

ఆ రోజు పెట్టెలో నలభై ఒక్క చీటీలు వచ్చాయి. అన్నింటికీ గుర్తులు పెట్టి, నకలు వేణుగోపాల్ చేతికిచ్చి, వాటిలో ఏమున్నదో మూల్యాంకనం చేసే దృష్టితో మాత్రమే చదివి, కడపకు తిరిగి వచ్చాను.

మార్చి మొదటి వారంలో రెండో పరీక్ష పెట్టడానికి వెళ్లాను. ఒక కాగితం తక్కువగా వచ్చింది. నంబరు ముప్పై ఒకటి గైరుహాజరు. మిగిలిన ముప్పై ఎనిమిది కాగితాలను ప్రధానోపాధ్యాయుల గదిలోనే కూర్చుని దిద్దాను. సగటు పద్ధెనిమిదిన్నర. ఏడో ప్రశ్నకు ముప్పై ఎనిమిది మందీ 'తప్పు' అని రాశారు. అంత మంచి ఫలితం ఆ జిల్లాలో మరెక్కడా రాలేదు. కాపీ కొట్టారేమోనని రెండుసార్లు చూశాను. లేదు; మిగిలిన ప్రశ్నల్లో ఎవరి తప్పులు వారివే.

మధ్యాహ్నం గంట కొట్టారు. కిటికీలోంచి చూశాను. వంట షెడ్డు దగ్గర కొత్త స్టీలు గిన్నెలు మెరుస్తున్నాయి. వడ్డిస్తున్న ఆమెను జనవరిలో నేను చూడలేదు. షెడ్డు వెనుక, ముళ్లకంప పక్కన, మసిబారిన పెద్ద అల్యూమినియం దబరా ఒకటి బోర్లించి ఉంది.

"వంట మనిషి మారిందా?" అని వేణుగోపాల్‌ను అడిగాను.

అతడు బల్ల అంచు పట్టుకున్నాడు. "మీకు తెలీదా మేడం? నేను మీకు ఉత్తరం రాద్దామనుకున్యా. ఏమని రాయాల్నో తెలీక రాయలేదు."

ఆ తరువాత అతడు చెప్పినది ఇది. జనవరి ఆఖరున, నియమం ప్రకారం, చీటీలను తరగతిలో చదివాడు. ముప్పై మూడో చీటీ దగ్గరకు వచ్చాడు. "తొమ్మిదో తరగతి, బాలిక," అని నా ఎర్ర గుర్తును చదివాడు. తరువాత చీటీ చదివాడు: 'మా అమ్మకు ఉండాది. మందులు తింటాండాది. ఆమె చేతి అన్నం శానామంది తింటాండారు. వాళ్లకు ఏమన్నా అవుతాదా? అమ్మ దినామూ భయపడతాంది. జవాబు చెప్పండి.'

"నేను జవాబు కరెక్టుగానే చెప్పినా మేడం. కాదు, రాదు, వండితే రాదు, తింటే రాదు అని బోర్డు మీద రాసినా. మూడుసార్లు అందరితో అనిపించినా. అంటాండారు గానీ ఒక్కరూ బోర్డు చూడ్డం లేదు. అందరూ శిల్పను చూస్తాండారు."

ఏడుగురు బాలికల్లో తండ్రి పోయినది ఒక్క శిల్పకే. తండ్రి ఏసన్న బండల లారీ తోలేవాడు. రెండేళ్ల కిందట చిక్కి శల్యమై చనిపోయాడు. తల్లి విశ్వాసమ్మ ఆ బడి వంట మనిషి.

మరునాడు పిల్లల్లో సగం మంది ఇళ్ల నుండి డబ్బాలు తెచ్చుకున్నారు. ఆ వారం చివరికి పప్పూ అన్నమూ దబరాలోనే మిగిలిపోయాయి. పై సోమవారానికి విశ్వాసమ్మ స్థానంలో లక్ష్మక్క వచ్చింది, కొత్త గిన్నెలతో. ఆ రోజు నుండి శిల్ప బడికి రాలేదు. ముప్పై ఒకటో నంబరు ఆ అమ్మాయిదే.

"నువ్వు ఆ చీటీని చదవకుండా ఉండలేకపోయావా?" అని అడిగాను. అడగకూడని మనిషిని నేనే, అయినా అడిగాను.

అతడు అట్ట వేసిన నియమావళి తెరిచి, గీత గీసిన వాక్యాన్ని నాకు చూపించాడు. ఎత్తిపొడవడానికి కాదు, నిజంగానే, తాను ఎక్కడ తప్పాడో నేను చెబుతానేమోనని ఎదురు చూస్తున్నాడు.

ప్రధానోపాధ్యాయుడు వాసుదేవ్ మర్యాదస్థుడు. టీ తెప్పించాడు. "మేము తీసేయలేదు మేడం. ఆమే సెలవు అడిగింది," అని ఒక కాగితం చూపించాడు. 'అనారోగ్య కారణముల వలన' అని ముత్యాల వంటి అక్షరాలు. కింద వంకర టింకరగా విశ్వాసమ్మ సంతకం.

"ఈ అక్షరాలు ఎవరివి?"

"నావే మేడం. ఆమె అడిగితే రాసిచ్చినా."

"అడిగించింది ఎవరు?"

అతడు కాగితాన్ని ఫైలులో పెట్టాడు. జవాబు చెప్పినవాడు పాఠశాల కమిటీ చైర్మన్ దేవేంద్రప్ప. గని లీజుదారు, తెల్ల చొక్కా, నిదానమైన గొంతు. నా రాక తెలిసి వచ్చి కూర్చున్నాడు.

"చూడండి మేడం, కులం గిలం మాకు పట్టింపు లేదు. ఆరేండ్లు ఆమె వండిందే మా పిల్లోళ్లు తిన్యారు. ఎవురన్నా ఏమన్నా అన్యారేమో కనుక్కోండి. ఇది ఆరోగ్యం విషయం. సైన్సు. మీరే గదా చెప్పించినారు?"

ఆరేళ్ల కిందట ఏమన్నారో నాకు వేణుగోపాల్ అప్పటికే చెప్పి ఉన్నాడు. విశ్వాసమ్మ మాదిగ క్రైస్తవురాలు. ఆమె మొదటిసారి పొయ్యి ముట్టించిన రోజున ఊళ్లో మూడు వంతుల పిల్లలు కంచాలు పట్టలేదు. అధికారులు జీపుల్లో వచ్చి, కేసు పెడతామని బెదిరించి, తామూ కూర్చుని తిని వెళ్లారు. ఊరు లొంగింది, మరచిపోలేదు. మనసులో ఉన్న మాటను బయటికి అనడానికి వీలులేక ఆరేళ్లు కాచుకుంది. ఇప్పుడు దానికి ఒక మర్యాదైన పేరు దొరికింది. ఆ పేరును తరగతి గదిలో నల్లబల్ల మీద రాయించినది మా కార్యక్రమం.

ఈ సంగతి జిల్లా విద్యాశాఖకూ కలెక్టరుకూ రాతపూర్వకంగా తెలియజేస్తానని చెప్పాను. వాసుదేవ్ టీ కప్పు కింద పెట్టాడు. దేవేంద్రప్ప నవ్వాడు.

"రాయండి మేడం, మీ ఇష్టం. కానీ కలెక్టరు వచ్చి పిల్లోళ్ల నోట్లో పెడతాడా? ఒక పని చేస్తాం. ఈ శనివారం ఆమెనే వండమనండి. కమిటీ అంతా ఉంటాం. పిల్లోళ్లు తిన్యారా, సోమవారం నుంచి ఆమెదే పొయ్యి. నేనే చెప్తా లక్ష్మక్కకు. తినలేదా, మీరు ఈ కాగితాలు, కలెక్టర్లు అన్నీ వదిలేయాల."

ఇది పరీక్షే కదా, నాకు తెలిసిన విద్యే కదా అనుకున్నాను. నా చేతిలో ముప్పై ఎనిమిది కాగితాలున్నాయి. అన్నింటిలోనూ 'తప్పు' అని స్పష్టంగా ఉంది. ఒప్పుకున్నాను.

విశ్వాసమ్మ ఇల్లు ఊరి చివర, పనికిరాని బండ ముక్కలు పేర్చి కట్టిన గోడల ఇల్లు. నేను వెళ్లేసరికి ఆమె గడప దగ్గర కూర్చుని కొర్రలు చెరుగుతోంది. నలభై ఏళ్లుంటాయి. మనిషి బలహీనంగా లేదు. చేతులు మాత్రం చేట పట్టుకున్నా ఏదో వెతుకుతున్నట్టు కదులుతున్నాయి. శిల్ప లోపల నిలబడి విన్నది.

"మీరేనా ఎర్ర ఇంకు మేడం?" అంది విశ్వాసమ్మ.

"నేనే."

"కూకోండి." బండ మీది దుమ్ము కొంగుతో తుడిచింది. "మా పిల్ల పేరు రాయలేదు. పేరు రాయొద్దు, ఎవురికీ తెలీదు అని మీరు చెప్పినారంట. నా బిడ్డ మాట నమ్మే పిల్ల."

నేను చేసిన తప్పేమిటో నేను ఆమెకు చెప్పాను, వరుసగా, ఏదీ తగ్గించకుండా. ఆమె మధ్యలో ఆపింది.

"అదంతా నాకేంటికి మేడం? మందులు కర్నూలు పెద్దాసుపత్రిలో ఇస్తాండారు, తింటాండా. చచ్చేదానికి తొందర లేదు నాకు. నాకు పొయ్యి కావాల. రెండు వందల మంది పిల్లోళ్లకు వండిన చెయ్యి ఇది. ఇద్దరికి వండాలంటే ఉప్పు ఎంతెయ్యాల్నో తెలీడం లేదు. పొయ్యి లేకపోతే ఈ పిల్ల పాలిషింగుకు పోవాల. పోతానంటాంది కూడా."

శనివారం సంగతి చెప్పాను. ఆమె చేట కింద పెట్టింది.

"తినకపోతే?"

"తింటారు. వాళ్లందరికీ జవాబు తెలుసు. నేను కాగితాలు చూశాను."

"మీరు కాగితాలు చూసినారు మేడం. నేను వాళ్ల అమ్మలను చూసినా."

లోపలి నుండి శిల్ప బయటికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, నూనె రాసి బిగించిన రెండు జడలతో ఉంది. బడికి పోకపోయినా బడికి పోయే రోజులాగే తల దువ్వుకుని ఉంది. "వండుమా," అంది. "ఆ చీటీ నేను రాసిందే. వండకపోతే నేనే నీ పొయ్యి ఆర్పినట్టు ఉంటాది జన్మంతా."

తల్లి లేచి చీర దులుపుకుంది. "సరే, తిక్కదానా," అంది. "బియ్యం ఏరుదాం పద."

ఆ శనివారం ఉదయం తొమ్మిదింటికే వంట షెడ్డు నుండి పొగ లేచింది. బోర్లించి ఉన్న దబరాను తల్లీ కూతుళ్లే తోముకున్నారు. అన్నం, గోంగూర పప్పు. శనివారమని గుడ్డు వద్దన్నారు. తాలింపు వాసన తరగతి గదుల దాకా వచ్చింది. పిల్లలు కిటికీల వైపు తలలు తిప్పడం నేను చూశాను. ఆకలికి ఏ అభ్యంతరమూ లేదు. నాకు ధైర్యం వచ్చింది.

పన్నెండున్నరకు పిల్లలను వరండా ముందు వరుసల్లో కూర్చోబెట్టారు. హాజరు నూట డెబ్బై ఆరు. కుర్చీల్లో దేవేంద్రప్ప, కమిటీ సభ్యులు నలుగురు, ఉపాధ్యాయులు ఎనిమిది మంది. ప్రహరీ గోడ నడుమెత్తు ఉంటుంది. దాని అవతల తల్లులు నిలబడ్డారు, యాభై అరవై మంది.

ముందు పెద్దలు తింటే పిల్లలు తింటారని, ఉపాధ్యాయులను కూర్చోమన్నాను.

"ఈ రోజు శనివారం మేడం," అన్నాడు లెక్కల ఉపాధ్యాయుడు. "నాకు ఒక్కపొద్దు. వెంకటేశ్వరస్వామికి."

"నాకూ ఒక్కపొద్దే," అన్నాడు తెలుగు పండితుడు.

"మీరు పోయిన శనివారం బేతంచెర్ల హోటల్లో బిర్యానీ తింటాంటిరి గదా సార్!" అని తొమ్మిదో తరగతి వరుసలోంచి ఎవడో అన్నాడు. పిల్లలు గొల్లుమన్నారు.

"ఈ వారం నుంచే మొదలు పెట్టినాలేరా," అన్నాడు పండితుడు, నవ్వకుండా.

ప్రధానోపాధ్యాయుడికి చక్కెర వ్యాధి. ఇంటి నుండి రాగిసంగటి వస్తుంది. దేవేంద్రప్ప పదకొండింటికే భోంచేశాడు. కుర్చీల్లో కూర్చున్న పదమూడు మందిలో ఆ రోజు ఆకలి ఉన్నవాడు ఒక్కడూ లేడు. వేణుగోపాల్ మాత్రం లేచి దబరా వైపు రెండడుగులు వేశాడు. ప్రహరీ అవతల నుండి ఒక స్త్రీ, "అబ్బా, మీ ఇంట్లో చంటి బిడ్డ ఉండాదప్పా, చూసుకో," అంది. వ్యంగ్యంగా కాదు, నిజమైన ఆదుర్దాతో అంది. అతడు ఆగిపోయాడు. తిరిగి కుర్చీ దగ్గరకు పోలేదు, ముందుకూ రాలేదు. అక్కడే నిలబడ్డాడు.

నేను పిల్లల వైపు తిరిగాను. "హెచ్ఐవి ఉన్నవారు వండినది తింటే వస్తుందా?"

"రాదు!" నూట డెబ్బై ఆరు గొంతులు. వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి.

"కలిసి తింటే వస్తుందా?"

"రాదు!"

"ముట్టుకుంటే?"

"రాదు!"

విశ్వాసమ్మ గరిటె పట్టుకుని మొదటి వరుస దగ్గర నిలబడింది. మొదటి కుర్రవాడు కంచాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు. రెండోవాడు కూడా. మూడో అమ్మాయి కంచాన్ని వీపు వెనుక పెట్టుకుని, ఏడుపు ముఖంతో గోడ వైపు చూసింది. విశ్వాసమ్మ ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిచింది. "నీకు మాడు అన్నం ఇష్టం గదమ్మా, అడుగుది తీసిపెట్టినా," అంది. ఆ అమ్మాయి ఇంకా గట్టిగా ఏడ్చింది.

నేను తొమ్మిదో తరగతి వరుస దగ్గరకు వెళ్లి, ఇందాక నవ్వించినవాడి ముందు నిలబడ్డాను. "నీకు జవాబు తెలుసు కదా?"

"తెలుసు మేడం. తప్పు అని రాసినా. మీరు మార్కు కూడా ఇచ్చినారు."

"మరి?"

వాడు నిజాయితీగా ఆలోచించాడు. "తినాలని అందులో లేదు మేడం," అన్నాడు.

అప్పటికే గోడ మీదుగా డబ్బాలు అందుతున్నాయి. ఎవరూ కేక వేయలేదు, ఎవరూ తిట్టలేదు. పిల్లలు ఒక్కొక్కరే లేచి గోడ దగ్గరకు పోయి, తల్లి చేతి గిన్నె అందుకుని, నీడ చూసుకుని కూర్చున్నారు. పది నిమిషాల్లో వరుసలు ఖాళీ అయ్యాయి. ఖాళీ వరుసల మధ్య శిల్ప ఒక్కతే కంచం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. విశ్వాసమ్మ ఇద్దరికీ వడ్డించింది. పప్పులో ఉప్పు సరిగ్గా ఉంది. అది ఆమెతో అన్నాను.

"మీకేం మేడం," అంది ఆమె, గొంతు పెంచకుండా. "మీరు సాయంత్రం రైలెక్కి పోతారు. మీరు తిన్యా తినకపోయినా ఈడ లెక్కలోకి రాదు."

డబ్బా తేనివారు, తల్లులు రానివారు, ముప్పై మంది దాకా పిల్లలు ఏమీ తినకుండా కొళాయి దగ్గర నీళ్లు తాగుతున్నారు. విశ్వాసమ్మ వారినే చూస్తోంది. కాసేపటికి గరిటె దబరాలో పెట్టి, నేరుగా దేవేంద్రప్ప కుర్చీ ముందుకు వెళ్లింది.

"అప్పా, లక్ష్మక్కను పిలవండి. ఇంకా గంట టైముండాది. ఉప్మా అన్నా చేసి పెడతాది. ఆ పిల్లోళ్లు పొద్దున కూడా తిననోళ్లు, నాకు తెలుసు. సోమవారం నుంచి కూడా ఆమెనే రానీండి. నేను రాను."

"నీ ఇష్టం విశ్వాసమ్మా," అన్నాడు దేవేంద్రప్ప. "మేమేం బలవంతం చేయలేదు. మేడం ఉన్నారు సాక్షి."

పరీక్ష పెట్టినది నేను. ఫలితానికి సాక్షిని కూడా నేనే. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు.

దబరా సంగతేమిటని వాసుదేవ్‌ను అడిగాను, అది బడి సొత్తు కాబట్టి. "ఆమెనే తీసుకుపొమ్మనండి మేడం," అన్నాడు తల దించుకుని. "దాన్నింక ఎవరు ముట్టుకుంటారు?"

బయలుదేరబోతుండగా శిల్ప నా దగ్గరకు వచ్చింది. "మేడం, రెండో పరీక్ష నేను రాయలేదు. రాస్తా."

"అక్కర్లేదమ్మా."

"మొదటిది రాసినా గదా. రెండోది లేకపోతే నాది మీ లెక్కలోనుంచి తీసేస్తారంట. వేణుగోపాల్ సార్ చెప్పినాడు. తీసేయొద్దు."

కాగితం ఇచ్చాను. ఖాళీ తరగతి గదిలో మొదటి బెంచీలో కూర్చుని రాసింది. ఆరు ప్రశ్నలకు కలం ఆగలేదు. ఏడో దగ్గర ఆగింది. బయట లక్ష్మక్క పొయ్యి రాజేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇది పుస్తకంలో ఎట్ల ఉండాదో అడుగుతాండారా, ఈ ఊర్లో ఎట్ల ఉండాదో అడుగుతాండారా?" అంది తలెత్తకుండా.

ముప్పై ఏళ్లకు పైగా ప్రశ్నాపత్రాలు తయారు చేసినదాన్ని. "నీకు తెలిసింది రాయి," అన్నాను. అంతకంటే పనికిరాని మాట ఇంకొకటి నాకు తోచలేదు.

ఆమె ఏడో ప్రశ్నను వదిలేసి మిగిలినవన్నీ రాసింది. కాగితాన్ని నాలుగు మూలలూ కలిపి నాకిచ్చింది. తరువాత వెళ్లి దబరా ఒక చెవి పట్టుకుంది. రెండోది తల్లి పట్టుకుంది. మిగిలిపోయిన అన్నంతో అది బరువుగా ఉంది. పది అడుగులకొకసారి దించుకుంటూ, చేతులు మార్చుకుంటూ, బజారు మధ్యగా తీసుకుపోయారు. ఎదురువచ్చినవారు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు.

నివేదికలో ఈ సంగతి అంతా పదకొండు పేజీల్లో రాశాను. సంస్థ అధికారిణి హిమబిందు ఫోన్ చేసింది. మంచి అమ్మాయి. "మేడం, నేను చదివి ఏడ్చాను. కానీ ఈ పట్టికలో దీనికి గడి లేదు. 'ఎదురైన సవాళ్లు' కింద రెండు వాక్యాలు పెట్టనా?" అని అడిగింది. పదకొండు పేజీలూ ఉండాలని పట్టుబట్టాను. ఉంచారు, చివర, అనుబంధంగా. అనుబంధాలు లేకుండా అచ్చు వేశారు.

వదిలేసిన ప్రశ్నను 'తెలియదు' అని నమోదు చేయాలన్నది కూడా నేను రాసిన నియమమే. దాన్ని ఒక్క కాగితం కోసం మార్చే అధికారం నాకు లేదని కంప్యూటరులో లెక్కలు ఎక్కించే కుర్రవాడు నాకు మర్యాదగా గుర్తు చేశాడు. అందుచేత, ఆ తొమ్మిదో తరగతిలో ఏడో ప్రశ్నకు జవాబు తెలిసినవారు ముప్పై ఎనిమిది మంది, తెలియనివారు ఒకరు. జిల్లాలో అత్యుత్తమ ఫలితం సాధించినందుకు ఆ బడికి ప్రశంసాపత్రం వెళ్లింది.

జూన్‌లో బడులు తెరిచిన తరువాత వేణుగోపాల్‌కు ఫోన్ చేశాను. పదో తరగతి పట్టీలో శిల్ప పేరు ఉందా అని అడిగాను.

"టీసీ తీసుకుపోయినారు మేడం."

"ఏ బడికి?"

అవతల పాలిషింగు యంత్రాల మోత సన్నగా వినిపిస్తోంది. బడి ఆ యూనిట్లు ఉన్న వైపే ఉంది.

"బడి పేరు రాయించుకోలేదు మేడం," అన్నాడు.